డెల్ఫీనా డబ్బు తెచ్చుకున్న రోజు

డెల్ఫీనా ఇంబాగో నాకు వదిన. రక్తసంబంధం ఏమీ లేదు. మా పెద్దవాడికి జ్ఞానస్నానం చేయించిన రోజు వాణ్ని ఎత్తుకుని ఫాదరు ముందు నిలబడింది ఆమే. ఆ రోజునుంచి ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదినని. మా కొండల ఊరు కయాంబేలో ఇలాంటి చుట్టరికాలు పుట్టుకతో వచ్చినవాటికన్నా గట్టిగా ఉంటాయి. పోట్లాడుకున్నా తెగవు. మేం చాలాసార్లు పోట్లాడుకున్నాం కాబట్టి చెబుతున్నాను.

వాళ్ళ నాన్న ఒక పెద్ద భూస్వామి దగ్గర పాలు పిండేవాడు. నాలుగో తరగతితో బడి మానిపించి డెల్ఫీనాను కూడా అక్కడే పెట్టారు. పంతొమ్మిదో ఏట గులాబీ తోటకు వచ్చింది. నేను అప్పటికి రెండేళ్ళుగా అక్కడే ఉన్నాను. కోసిన పువ్వులు వచ్చి పడే చల్లటి షెడ్డులో మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. కాడలకున్న ఆకులు, ముళ్ళు దులిపి, పొడవును బట్టి వేరు చేసి, ఇరవై అయిదేసి కట్టలు కట్టడం మా పని. నేను కాడను కొలబద్ద మీద పెట్టి చూసుకునేదాన్ని. డెల్ఫీనా గాలిలో ఒకసారి తిప్పి "డెబ్భై" అనేది, అంతే. సరిగ్గా డెబ్భై సెంటీమీటర్లు. చేతులు ఎంత వేగంగా ఆడేవో, నోరు అంతకన్నా వేగం. ప్రతి కట్టకూ ఒక కథ కట్టేది. "ఇదిగో, ఇది మాస్కోలో భార్య అలిగి కూర్చున్నవాడికి. ఇది చూడు, పెద్ద తప్పు చేసినవాడికి, ఎనభై సెంటీమీటర్లు!" మేం నవ్వలేక చచ్చేవాళ్ళం.

డెల్ఫీనా చెయ్యి తెగింది జనవరి ఆఖర్లో. వాలెంటైన్స్ డే ముందు మూడు వారాలు మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఆ రోజు పద్నాలుగో గంట నడుస్తోంది. కట్టల అడుగున కాడలను సమంగా కోసే యంత్రం ఒకటుంది, గుండ్రటి రంపం. దాని మీద ఇనప మూత ఉండాలి. మూత ఉంటే పని నెమ్మదిస్తుందని తీసేసి గోడకు ఆనించి పెట్టారు. డెల్ఫీనా చేతిలో కట్ట జారింది, పట్టుకోబోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె అరవలేదు. "వదినా, పువ్వులు తీసెయ్, రక్తం అంటుకుంటుంది" అంది. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు పూర్తిగా, బొటనవేలు సగం పోయాయి.

తర్వాత అయిదేళ్ళు కోర్టు. ఆ అయిదేళ్ళూ ఇక్కడ రాయను, రాస్తే నాకే కోపం వస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. తోట తరఫు లాయరు, ఆమె కబుర్లు చెబుతూ నవ్వుతూ పనిచేసింది, అందుకే ప్రమాదం జరిగింది, కంపెనీ తప్పేం లేదు అని వాదించాడు. సూపర్‌వైజరు ఫౌస్తో, మేమంతా ఇంజినీరు గారని పిలిచేవాడు, అవునని సంతకం పెట్టిన కాగితం కూడా చూపించాడు. జడ్జిగారు డెల్ఫీనాను అడిగారు.

"ఏమ్మా, నవ్వుతున్నావా ఆ సమయంలో?"

"నవ్వుతున్నానండి. పద్నాలుగు గంటలు నిలబడ్డాక నవ్వకపోతే ఏడుపొస్తుంది. ఏడిస్తే పువ్వులు కనపడవండి."

జడ్జిగారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు. తీర్పు మా వైపు వచ్చింది. కంపెనీ పైకోర్టుకు పోయింది, అక్కడా ఓడింది. చివరికి ఈ ఏడాది జూన్‌లో, సాన్ పెద్రో పండగకు మూడు రోజుల ముందు, మా లాయరమ్మ నోయెమీ ఫోన్ చేసింది.

"డెల్ఫీనా గారూ, డబ్బు జమ అయింది. కోర్టు కాగితం నా దగ్గరుంది. తీసుకుని బ్యాంకుకు వెళ్ళండి."

నేను అప్పుడు ఆమె వంటింట్లోనే ఉన్నాను. డెల్ఫీనా ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి, దాన్నే చూస్తూ నిలబడింది. పొయ్యి మీద బంగాళాదుంపల పులుసు పొంగి కారుతోంది.

"ఏమైంది వదినా?" అన్నాను.

"నా వేళ్ళు వచ్చాయట" అంది. "బ్యాంకులో ఉన్నాయట."

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. వాళ్ళాయన వెంతూరా తాపీపని మానుకుని వస్తానన్నాడు. డెల్ఫీనా వద్దంది. "నువ్వొస్తే గుమ్మంలోనే సిమెంటు బస్తాల లెక్క మొదలెడతావ్. నేను ఎలోదియా వదినతో పోతా." ఎలోదియా అంటే నేనే. లాయరమ్మ దగ్గర కాగితం తీసుకుని, ఆవిడ వాటా ఆవిడకు ఇచ్చే ఏర్పాటు చేసుకుని, పదిన్నరకు బ్యాంకులో వరసలో నిలబడ్డాం. పండగ ముందు కదా, వరస గుమ్మం దాటింది. మా వెనక ఒక ముసలాయన, చంకలో బతికున్న కోడి. కోడితో బ్యాంకులోకి రాకూడదని కాపలావాడు, ఇది డిపాజిట్టు కాదని ముసలాయన, కాసేపు వాదించుకున్నారు. కోడే గెలిచింది.

మా వంతు వచ్చేసరికి పన్నెండు. కౌంటర్లో జుట్టుకు నూనె దట్టంగా పట్టించిన కుర్రాడు కాగితం చూశాడు, గుర్తింపు కార్డు చూశాడు, సంతకం పెట్టమన్నాడు. డెల్ఫీనా ఎడమ చేత్తో పెట్టింది. అయిదేళ్ళు కష్టపడి నేర్చుకున్న సంతకం, కొంచెం వాలుతుంది గానీ ముచ్చటగా ఉంటుంది.

కుర్రాడు కార్డుతో పోల్చి చూశాడు.

"కలవడం లేదండి. కార్డు మీద ఉన్నట్టే పెట్టాలి."

"బాబూ, ఆ కార్డు చేయించుకుని ఎనిమిదేళ్ళయింది. అది కుడి చేత్తో పెట్టింది."

"అయితే కుడి చేత్తోనే పెట్టండి."

డెల్ఫీనా కుడి చెయ్యి శాలువాలోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. కుర్రాడి మొహం పాలిపోయింది. పాపం, మంచివాడే. కంగారులో ఇంకా పెద్ద గొయ్యి తవ్వుకున్నాడు.

"ఫరవాలేదండి, సంతకం వద్దు. వేలిముద్రతో చేసేద్దాం. ఈ యంత్రం మీద కుడి చేతి చూపుడు వేలు..."

ఆగిపోయాడు.

"మధ్య వేలు?" అన్నాడు, గొంతు సన్నగిల్లి.

"అది కూడా దాంతోనే వెళ్ళిపోయింది నాయనా. రెండూ చిన్నప్పట్నుంచి కలిసే ఉండేవి."

వెనక ముసలాయన ఒక్కసారిగా పకపకా నవ్వాడు. కోడి రెక్కలు కొట్టుకుంది. డెల్ఫీనా మాత్రం పట్టు వదల్లేదు, సగం బొటనవేలు తీసి యంత్రం మీద ఆనించింది. ఎర్ర దీపం వెలిగి కీక్‌మంది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ కీక్. "చూశావా, దానికి కూడా సగమే చాలట్లేదు" అంది.

మేనేజరమ్మ వచ్చింది. కళ్ళజోడు, చేతిలో నిబంధనల పుస్తకం. చాలా మర్యాదగా, సంతకమైనా కుదరాలి, ముద్రైనా కుదరాలి, లేకపోతే కొత్త కార్డు చేయించుకుని పండగ తర్వాత రమ్మంది.

అప్పుడు డెల్ఫీనా కోర్టు కాగితం విప్పింది. గొంతెత్తి, వరసంతా వినేటట్టు, వేళ్ళు లేని చేత్తోనే అక్షరాల వెంబడి చూపిస్తూ చదివింది. "'కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు, బొటనవేలి సగభాగం శాశ్వతంగా కోల్పోయినందున సదరు డెల్ఫీనా ఇంబాగోకు చెల్లించవలసినది...' అమ్మా, ఈ వేళ్ళు లేవు కాబట్టే ఈ డబ్బు. ఆ వేళ్ళు తీసుకొస్తేనే ఈ డబ్బు ఇస్తామంటే, నేను ఎవరి దగ్గరికి పోవాలో మీరే చెప్పండి."

మేనేజరమ్మ కాగితం తీసుకుని చదివింది. పెదవి కొరుక్కుంది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "క్షమించండి, నవ్వకూడదు" అంటూనే నవ్వింది. ఇక వరసలో ఉన్నవాళ్ళంతా మొదలెట్టారు. "ఇచ్చెయ్యండమ్మా!" "కాలివేలు పనికొస్తుందేమో చూడండి!" "నాది తీసుకోండి, నాకు పది ఉన్నాయి!"

ఆవిడ కోర్టుకు ఫోన్ చేసింది, లాయరమ్మకు ఫోన్ చేసింది. చివరికి ఎడమ బొటనవేలి ముద్ర, ఇద్దరు సాక్షులు చాలన్నారు. ఒక సాక్షిని నేను. రెండోవాడెవరు? ముసలాయన ముందుకొచ్చాడు.

"ఈవిడ మీకు తెలుసా?" అని మేనేజరమ్మ అడిగింది.

"బాగా తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పదిన్నరనుంచి."

అంత మాత్రానికి ఒప్పుకోరు. అదృష్టం కొద్దీ అక్కడ తోటలో మందు కొట్టే కుర్రవాడి తల్లి కనపడింది, ఆమె పెట్టింది రెండో సంతకం. ముసలాయన నొచ్చుకున్నాడు. ఆయన పేరు అమదేవో. ఆయన్ని వదిలిపెట్టి పోవడం మాకిద్దరికీ మనసొప్పలేదు.

ఎనిమిది వేల ఆరు వందల డాలర్లు. ఆరు వందలు చేతికి తీసుకుని మిగతాది ఖాతాలో ఉంచింది. బ్యాంకు మెట్ల మీదికి రాగానే ఆమెకు నవ్వు పట్టుకుంది. మామూలు నవ్వు కాదు. "మధ్య వేలు?" అని ఆ కుర్రాడి గొంతుతో అనడం, కూలబడడం. నేనూ కూలబడ్డాను. పక్కన అమదేవో, ఆయన కోడి. దారిన పోయేవాళ్ళు తాగి ఉన్నామనుకున్నారు. ఏడుస్తోందేమోనని మధ్యలో ఒకసారి మొహం పట్టి చూశాను. కొంచెం ఏడ్చింది కూడా. కానీ నవ్వులోంచి దొర్లిన కన్నీళ్ళే ఎక్కువ.

"వదినా, ఆకలి" అంది.

కట్టెల పొయ్యిలో కాల్చే వెన్న బిస్కెట్లు, బిస్కోచోలు, అమ్మే కొట్టుకు వెళ్ళాం. వేడివేడిగా పొరలు పొరలుగా రాలే బిస్కోచోలు, చేత్తో చీల్చుకునే చీజు, పెద్ద పెద్ద కప్పుల్లో చాక్లెట్ పాలు. డెల్ఫీనా పదకొండు తింది. అమదేవో కోడికి కూడా పెట్టాడు. ఆపైన టోపీల దుకాణం. అయిదేళ్ళుగా అద్దాల వెనక చూస్తూ పోయే ఆకుపచ్చ ఫెల్ట్ టోపీ, నెమలి ఈక పెట్టింది, తల మీద పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "ఎలా ఉన్నానే?" అంది. ఆమె నన్ను 'ఏమే' అని ఎప్పుడూ పిలవదు. సంతోషంలో మర్యాద కూడా మర్చిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. కూడలిలో బ్యాండు మేళం కనపడింది. అదే కొంప ముంచింది. పండగ కోసం సాధన చేస్తున్నారు. పదకొండు మంది, ఎర్ర కోట్లు, పొట్టమీద ఊగే పెద్ద డప్పు. డెల్ఫీనా నేరుగా మేళం పెద్ద దగ్గరికి నడిచింది.

"గంటకెంత?"

"నూట యాభై. పెళ్ళికా?"

"కాదు."

"చావుకా? దానికి కొంచెం తగ్గిస్తాం."

"తీర్పుకి."

ఆయన బాకా కిందికి దించాడు. "తీర్పుకి ఏం వాయించాలో మాకు తెలీదమ్మా."

"ఏడుపు తప్ప ఏదైనా వాయించండి. నూట ఇరవై ఇస్తా."

నేను చెయ్యి పట్టుకుని లాగాను. "వదినా, మతిపోయిందా? అన్నయ్య చంపేస్తాడు."

"చంపనీ. ఈ టోపీతో చస్తా."

రెండు పికప్ బండ్లు మాట్లాడింది. ఒకదాంట్లో మేళం, ఇంకోదాంట్లో మేము, పెద్ద డప్పు, అమదేవో. ఎక్కడికి అని డ్రైవరు అడిగితే "గులాబీ తోట గేటుకు" అంది. అప్పుడు నాకు అర్థమైంది. మూడున్నరకు పగటి పనివాళ్ళు బయటికి వస్తారు.

దారిలో వెంతూరా ఫోన్ చేశాడు. వెనక బాకాలు సరిచేసుకుంటున్న గోల.

"ఎక్కడున్నావే? డబ్బు ఇచ్చారా? ఏంటా చప్పుడు?"

"ఇచ్చారు. గంటలో వస్తాం. గిన్నెలు కడిగి పెట్టు."

"ఎంతమంది?"

"పద్నాలుగు. ఒక కోడి."

గేటు తెరిచేసరికి మేళం మొదలైంది. రబ్బరు బూట్లతో, తలలకు కట్టుకున్న గుడ్డలతో ఆడవాళ్ళు బారులుగా వస్తున్నారు, ఏంటిది, ఎవరికి ఏమైంది అని మొహాలు చూసుకుంటూ. ముందు మాతో కట్టలు కట్టిన లోర్దెస్ గుర్తుపట్టింది. "డెల్ఫీనా!" అని ఒక కేక. తర్వాత ఎవరు ఎవరిని లాగారో తెలీదు. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళు అంత ఎత్తు ఎగరగలవని నేను అనుకోలేదు. దుమ్ము లేచింది. గేటు కాపలావాడు లాఠీ గోడకు ఆనించి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆడాడు. బస్సు డ్రైవరు ఇంజను ఆపి దిగాడు.

మా దగ్గర సాన్ పెద్రోకు ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ మీద అప్పటికప్పుడు పాట కట్టి పాడతారు. పాడించుకున్నవాడు కోప్పడకూడదు, ఎదురుపాట పాడాలి, లేదా ఆడాలి. గోల విని ఫౌస్తో బయటికి వచ్చాడు. డెల్ఫీనా చెయ్యెత్తింది, మేళం ఆగింది. సన్నటి గొంతు, కొండ మీది గాలిలా చెవులు కోసేది, అలా ఎత్తుకుంది.

"ఇంజినీరు బూట్లకేమో మెరుపు మీద మెరుపు
మా చేతి వేళ్ళకొచ్చె కోర్టువారి తీర్పు!"

ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఫౌస్తో మెడ వరకు ఎర్రబడ్డాడు. నిలబడిన చోటునుంచి కదల్లేదు. ఆమే దగ్గరికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను గనక విన్నాను, మిగతావాళ్ళు వినలేదు.

"బాగున్నావా డెల్ఫీనా?" అన్నాడు.

"బాగున్నానండి ఇంజినీరు గారూ. ఆ మూత బిగించారా?"

"బిగించాం."

"ఎప్పుడు?"

ఆయన నేల చూశాడు. "ఆ తర్వాతి వారం."

ఒక్క క్షణం ఆమె ఏం చేస్తుందో నాకు తెలీలేదు. నేనైతే ఆ టోపీ తీసి కొట్టేదాన్ని. ఆమె ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి, మేళానికి సైగ చేసి రెండో పాట అందుకుంది.

"రెండున్నర పోతేనేమి, ఏడున్నర ఉందయ్యా
ఏడున్నర వేళ్ళు పట్టి ఆడ రావేమయ్యా!"

అని ఆ కుడి చెయ్యే చాచింది. ఎడమది కాదు. ఫౌస్తో ఆ చెయ్యిని చూశాడు. చుట్టూ నూట యాభై మంది చూస్తున్నారు. పట్టుకున్నాడు. మహా చెడ్డగా ఆడాడు, కాలికి కాలు అడ్డం పడుతూ. ఆ మెరిసే బూట్లు రెండు నిమిషాల్లో మట్టి కొట్టుకుపోయాయి. క్షమించమని అడగలేదు. ఆమె కూడా అడుగుతాడని ఎదురుచూడలేదు. తర్వాత నేను అడిగితే "ఆడించాను కదా, చాల్లే" అంది.

ఇంటికి చేరేసరికి వెంతూరా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు ఎర్ర కోట్లను చూశాడు, తర్వాత టోపీని, తర్వాత కోడిని.

"అయిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది మేళానికి తగలెయ్యడానికా?"

"అంతా కాదులే. నూట ఇరవై."

"నూట ఇరవయ్యా!" రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మేళంవాళ్ళు బాకాలు దించి, మెల్లిగా వెనక్కి జరుగుతున్నారు. వెంతూరా వాళ్ళవైపు తిరిగాడు. "గంటలో ఇంకా ఎంత మిగిలింది?"

మేళం పెద్ద గడియారం చూసుకున్నాడు. "పదిహేను నిమిషాలండి."

"మరి నిలబడ్డారేం? డబ్బు తీసుకోలేదూ? వాయించండి!"

వాళ్ళు పదిహేను కాదు, గంటన్నర వాయించారు. వెంతూరా పండగకని దాచిన చిచా పీపాను బయటికి దొర్లించాడు. పులిసిన మొక్కజొన్న కల్లు లాంటిది, కడుపులోకి వెళ్ళాక తెలుస్తుంది. పెద్ద డప్పువాడు దాని మీదే నిద్రపోయాడు. అమదేవో వాళ్ళ ఊరి ఆఖరి బస్సు పోయింది. ఆయన రెండు రోజులు అక్కడే ఉండి, పొయ్యి గూడు బాగుచేసి, కోడిని వాళ్ళకే ఇచ్చి వెళ్ళాడు. ఆ కోడిని అమ్మడానికే పట్నం వచ్చాడట ఆ రోజు.

మిగిలిన డబ్బు సంగతి జనం ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. కొంత ఇంటి రెండో గదికి పోయింది, వెంతూరా సిమెంటు బస్తాల లెక్క మొత్తానికి తీరింది. డెల్ఫీనా తోటకు తిరిగి పోలేదు. పండగ అయిన పదిహేను రోజులకు ఇంకా పాలిస్తున్న ఒక సూడి ఆవును కొంది, నల్లది, మొండిది. నాన్న దగ్గర చిన్నప్పుడు నేర్చిన పనే కదా. కుడి చేతి ఆ మిగిలిన వేళ్ళతో పాలు ఎలా తీస్తుందో అనుకున్నాను. రెండు వారాలు ఆవు తన్నింది, బకెట్ దొర్లింది, ఆమె తిట్టింది. తర్వాత ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పేరేం పెట్టావంటే 'తీర్పు' అంది.

ఇప్పుడు పొద్దున్నే మా వీధిలో ఇలాంటి మాటలు వినపడుతుంటాయి.

"తీర్పు ఈనిందా డెల్ఫీనా?"

"రాత్రే. పెయ్య."

"దానికేం పేరు?"

"ఇంకా పెట్టలేదు. మా ఆయన 'అప్పీలు' అంటున్నాడు. ఆ పేరు మా ఇంట్లో పిలవనివ్వనన్నాను."